మీకు తెలుసా? 36 సార్లు ఒకే పార్టీ, 37వసారి తారుమారు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, తూర్పు కొండల నడుమ ఎలియట్ అనే కౌంటీ ఉంది. 2020 లెక్కల ప్రకారం జనాభా 7,354. మన దగ్గర ఓ పెద్ద పంచాయతీలో అంతకంటే ఎక్కువమందే ఉంటారు. 1869లో ఏర్పడిన ఈ కౌంటీ, 1872 నుంచి 2012 దాకా వరుసగా 36 అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్లనే గెలిపించింది. దేశంలో ఏ కౌంటీ కూడా ఆ పార్టీ వెంట ఇంతకాలం నిలబడలేదు.

పౌరహక్కుల చట్టాలు వచ్చిన 1960ల తర్వాత దక్షిణాది పల్లెల్లోని తెల్లవాళ్లు రిపబ్లికన్ల వైపు మళ్లారన్నది మామూలుగా వినే మాట. చాలాచోట్ల జరిగింది కూడా అదే. ఎలియట్‌లో దాదాపు అందరూ తెల్లవాళ్లే, అయినా కదల్లేదు. 1984లో రిపబ్లికన్ రీగన్ 49 రాష్ట్రాలు ఊడ్చుకుపోతే, ఇక్కడ డెమొక్రాట్ మాండేల్‌కు 73 శాతం ఓట్లు పడ్డాయి. 2008లో ఒబామాకూ 61 శాతం ఇచ్చారు. ఆ అంకె చూశాక, ఈ కౌంటీ మార్పునంతా జాతి పేరుతోనే వివరించబోతే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

వాళ్లను అంతకాలం పట్టి ఉంచినవాటిలో పొగాకు ఒకటి. డెమొక్రాట్ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ కాలంలో మొదలైన కోటా పద్ధతిలో, ఎవరెంత పండించాలో ప్రభుత్వమే నిర్ణయించి, ధర పడిపోకుండా కాపు కాసేది. టొబాకో బోర్డు పంట పరిమితి గురించి తెలిసిన ప్రకాశం జిల్లా రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అయితే అక్కడిది బర్లీ రకం. మొక్కను మొదలంటా నరికి, ఒక్కో కర్రకు ఐదారు గుచ్చి, బ్యార్న్ దూలాల మీద అంతస్తులుగా వేలాడదీస్తారు. మన వర్జీనియా పొగాకులా పొయ్యి పెట్టరు, గాలికే ఆరాలి. నాలుగైదు ఎకరాల కొండవాలు రైతు కూడా ఆ కోటా ధీమాతో ఇల్లు నడుపుకొన్నాడు. ఆ ధీమా ఇచ్చిన పార్టీని తాతలు మరిచిపోలేదు, మనవలకూ చెప్పారు.

ఇంకో కారణం ఎన్నికల పద్ధతిలోనే ఉంది. కెంటకీ కౌంటీల్లో షెరీఫే కాదు, జైలు అధికారి కూడా ఓట్లతోనే ఎన్నికవుతాడు. ఎలియట్‌లో ఆ పదవులు ఎవరివో డెమొక్రాటిక్ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలోనే, తేలిపోయేది. ఆ పార్టీ కింద నమోదు కాకపోతే ప్రైమరీలో ఓటుండదు. ఇక వేరే పార్టీలో పేరు రాయించుకొని ఏం లాభం?

తర్వాత ఒక్కో ఆసరా జారిపోయింది. 2004లో చట్టం చేసి కోటా రద్దు చేశారు. కోటా ఉన్నవాళ్లకు పదేళ్లపాటు పరిహారం కట్టారు. కెంటకీ తూర్పున బొగ్గు గనులు మూతపడుతూ వచ్చాయి, ఒబామా పర్యావరణ నిబంధనల మీద కోపం పెరిగింది. దగ్గర్లోని యాష్‌లాండ్‌లో ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్ 2015 డిసెంబరులో ఆగింది. 2012లోనే ఒబామా ఆధిక్యం రెండున్నర శాతానికి పడిపోయింది. 2016లో ట్రంప్‌కు 70 శాతం ఓట్లు!

దీన్ని ఒక్క రాత్రిలో వచ్చిన మార్పు అనుకుంటే ఆ జనానికి అన్యాయం చేసినట్టే. వాళ్లు ఇంటి పార్టీని ఒక్కసారే వదిలేయలేదు, ముందు అధ్యక్షుడి ఓటు దగ్గర వదిలారు. కౌంటీ కేంద్రమైన శాండీ హుక్‌కు చెందిన డెమొక్రాట్ రాకీ ఆడ్కిన్స్‌ను 2018 ఎన్నికల దాకా రాష్ట్ర శాసనసభకు పంపుతూనే వచ్చారు. టీచర్ల పెన్షన్ల మీద రిపబ్లికన్ గవర్నర్ బెవిన్ గొడవకు దిగాక, ట్రంప్‌కు అంత మెజారిటీ ఇచ్చిన ఇదే కౌంటీ, 2019 గవర్నర్ ఎన్నికలో డెమొక్రాట్ ఆండీ బెషియర్‌ను గెలిపించింది.