ఉప్పుడు బియ్యం మిల్లులలో ఊక బాయిలర్ల నిత్య నిర్వహణ

యాసంగి వరి ఎండలు ముదిరే కాలంలో కోతకు వస్తుంది. గింజలో పగుళ్లు ఏర్పడటం వలన ఆ వడ్లను పచ్చి బియ్యంగా మర ఆడించినప్పుడు నూక ఎక్కువగా వస్తుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికి వడ్లను వేడినీటిలో నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం తయారుచేస్తారు. తెలంగాణలోని మిర్యాలగూడ, కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతాలలోను, ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాలలోను ఇటువంటి మిల్లులు ఉన్నాయి. నానబెట్టే నీటిని కాచడానికి, ఉడికించడానికి, ఆరబెట్టడానికి కావలసిన వేడి అంతా బాయిలరు నుండే వస్తుంది.

క్వింటాలు వడ్లకు సుమారు 20 కిలోల ఊక లభిస్తుంది. కిలో ఊకను మండిస్తే సుమారు 3,000 కిలోకేలరీల ఉష్ణం వెలువడుతుంది. సొంత మిల్లులో దొరికే ఇంధనమే కదా అని దాని వృథాను చాలామంది పట్టించుకోరు. అయితే మిగిలిన ఊకకు మార్కెట్టులో ధర ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఊకను వృథా చేసే నిర్లక్ష్యమే కాలక్రమంలో బాయిలరు గొట్టాలను దెబ్బతీసి, కార్మికుల ప్రాణాల మీదికి తెస్తుంది.

సామర్థ్యం తగ్గడానికి కారణాలు

బాయిలరు సామర్థ్యం ఒక్క రోజులో పడిపోదు. గొట్టాలకు నీటివైపు సున్నపు పొర (స్కేలు), మంటవైపు మసి, బూడిద పేరుకుంటూ ఉంటాయి. ఈ రెండూ వేడిని సరిగా ప్రసరింపనీయవు. ఒక మిల్లీమీటరు మందం గల సున్నపు పొర వలన ఇంధన వినియోగం 5 నుండి 8 శాతం పెరగవచ్చు. ఉదాహరణకు, గంటకు 500 కిలోల ఊకను మండించే బాయిలరులో 5 శాతం నష్టమంటే గంటకు 25 కిలోలు. రోజుకు 20 గంటలు నడిస్తే 500 కిలోలు. పొర మందమయ్యే కొద్దీ గొట్టపు లోహం నుండి వేడి నీటికి చేరక, లోహం మితిమీరి వేడెక్కి, ఉబ్బి, చివరకు పగులుతుంది.

నీటి శుద్ధి

ఉప్పుడు బియ్యం మిల్లుకు ఒక ప్రత్యేకత ఉంది. ఉడికించే తొట్టెలలోకి పంపిన ఆవిరి నేరుగా వడ్లకు తగిలి అక్కడే ఖర్చవుతుంది. తిరిగి బాయిలరుకు రాదు. అందువలన ఎప్పటికప్పుడు కొత్త నీటిని పంపవలసి ఉంటుంది. బోరు నీరు కఠినమైనదైతే, దానితోపాటు కాల్షియం, మెగ్నీషియం లవణాలు ప్రతిరోజూ బాయిలరులోకి చేరతాయి. కాబట్టి నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ తప్పనిసరి. దాని నుండి వచ్చే నీటి కాఠిన్యాన్ని ప్రతి షిఫ్టులోను పరీక్షించాలి. కాఠిన్యం కనిపించిన వెంటనే ఉప్పు ద్రావణంతో సాఫ్ట్‌నర్‌లోని రెజిన్‌ను పునరుద్ధరించాలి.

నీరు ఆవిరైపోగా లవణాలు బాయిలరులోనే మిగిలిపోతాయి. వీటిని బ్లోడౌన్ ద్వారా తొలగించాలి. ఈ రకపు బాయిలర్లలో నీటిలో కరిగిన లవణాలు సాధారణంగా 3,500 పీపీఎం మించరాదు. మించితే నీరు నురగ కట్టి ఆవిరితోపాటు వడ్లలోకి చేరుతుంది. అవసరానికి మించి బ్లోడౌన్ చేస్తే వేడినీరు వృథా అవుతుంది. ఆవిరి ఆహారధాన్యానికి తగులుతుంది కనుక, ఆహార పరిశ్రమలకు అనుమతించిన రసాయనాలనే నీటిలో కలపాలి.

ఆరబెట్టే యంత్రాల పరిస్థితి వేరు. అక్కడ ఆవిరి గొట్టాల లోపలే చల్లబడి స్వచ్ఛమైన వేడినీరుగా మారుతుంది. దీనిని కాలువలోకి వదలక ఫీడ్ ట్యాంకుకు మళ్ళించాలి. బాయిలరుకు పంపే నీటి ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఇంధనం ఒక శాతం ఆదా అవుతుంది.

మంటవైపు శుభ్రత

ఊక బూడిదలో అధికభాగం సిలికా. ఇది గొట్టాలను, ఫ్యాను రెక్కలను ఆకురాయివలె అరగదీస్తుంది. పొగగొట్టం మొదట్లో ఒక థర్మామీటరు అమర్చుకుంటే గొట్టాల స్థితి బయటినుండే తెలుస్తుంది. గొట్టాలు శుభ్రపరచిన మరునాడు, మామూలు లోడు మీద చూపే ఉష్ణోగ్రతను ప్రమాణంగా రాసి ఉంచాలి. అదే లోడు మీద అది 22 డిగ్రీలు పెరిగితే సామర్థ్యం సుమారు ఒక శాతం తగ్గినట్లు. పెరుగుదల 40 డిగ్రీలకు చేరేలోపే గొట్టాలను బ్రష్షుతో శుభ్రపరచాలి. తలుపులు, గాస్కెట్ల సందుల నుండి చొరబడే చల్లగాలిని అరికట్టాలి. బూడిద తీసేవారు ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు ధరించాలి.

నీటిమట్టం – ప్రాణరక్షణ

బాయిలరు నిర్వహణలో నీటిమట్టాన్ని మించిన ముఖ్యాంశం లేదు. గేజ్ గ్లాసులో నీరు కనిపించినంత మాత్రాన అది నిజమైన మట్టమని నమ్మరాదు. దిగువ మార్గంలో మడ్డి అడ్డుపడితే, పై నుండి వచ్చిన ఆవిరి చల్లబడి గ్లాసులో నీరుగా నిలుస్తుంది. బాయిలరులో మాత్రం నీరు తగ్గిపోతూ ఉంటుంది. అందుచేత ప్రతి షిఫ్టు ఆరంభంలో ఆవిరి మార్గాన్ని, నీటి మార్గాన్ని విడివిడిగా తెరచి గ్లాసును ఊదించాలి. డ్రెయిన్ మూసిన తరువాత నీరు చురుకుగా పూర్వస్థితికి చేరాలి. మెల్లగా పెరిగితే మార్గంలో అడ్డు ఉన్నదని గ్రహించాలి.

గ్లాసులో నీరు అసలు కనిపించనప్పుడు కంగారుపడి పంపు వేయరాదు. ఎర్రగా కాలిన లోహంపై నీరు పడితే క్షణంలో ఆవిరిగా మారి ప్రమాదం సంభవించవచ్చు. వెంటనే ఊకను, ఫ్యాన్లను ఆపి, అందరినీ దూరంగా పంపి, బాయిలరును దానంతట అది చల్లారనివ్వాలి. తనిఖీ జరిగేవరకు తిరిగి వెలిగించరాదు. సేఫ్టీ వాల్వు తరచుగా లేస్తున్నదని దానికి బరువు కట్టడం, స్ప్రింగును బిగించడం ఎట్టి పరిస్థితులలోను చేయరాదు.

నిర్వహణ పట్టిక

• ప్రతి షిఫ్టు: గేజ్ గ్లాసుల పరీక్ష, నీటి కాఠిన్యం, బ్లోడౌన్, పీడనం, పొగ ఉష్ణోగ్రతల నమోదు.
• ప్రతి వారం: సేఫ్టీ వాల్వు, తక్కువ నీటి అలారం, రెండవ ఫీడ్ పంపు పనితీరు, బూడిద తొలగింపు.
• ప్రతి నెల: తలుపుల గాస్కెట్లు, ఫ్యాను బెల్టులు, రెక్కల అరుగుదల, ఆవిరి ట్రాపులు, గొట్టాలపై వేడి నిలిపే కవచం.
• ప్రతి సంవత్సరం: మాన్‌హోల్ తెరచి లోపలి పొర పరిశీలన, గొట్టాల మందం కొలత, ఫ్యూజిబుల్ ప్లగ్ తనిఖీ, చట్టప్రకారం తనిఖీ చేయించి ధ్రువపత్రం పునరుద్ధరణ.

సీజను ముగిసిన తరువాత

మిల్లు నెలల తరబడి ఆగినప్పుడు బాయిలరు తుప్పు పట్టే అవకాశం ఎక్కువ. మంటవైపు బూడిద మిగిలితే గాలిలోని తేమను పీల్చి లోహాన్ని తినివేస్తుంది; దానిని పూర్తిగా తొలగించాలి. నీటివైపు ఖాళీచేసి, బాగా ఆరనిచ్చి, తేమను పీల్చడానికి పళ్ళెములలో పొడిసున్నం ఉంచి అన్ని మార్గాలనూ మూయాలి. మరల వెలిగించేముందు ఆ పళ్ళెములను తప్పక తీసివేయాలి.

బాయిలరు వద్ద అర్హత ధ్రువపత్రం గల ఆపరేటరునే నియమించాలి. పై కొలతలన్నీ లాగ్ పుస్తకంలో ప్రతిరోజూ నమోదైతే, పొగ ఉష్ణోగ్రత ఏ వారం నుండి పెరుగుతున్నదో, నీటి కాఠిన్యం ఏ రోజు కనిపించిందో యజమానికి, ఆపరేటరుకు ముందే తెలుస్తుంది. ఆ సూచనలను సకాలంలో గుర్తించి సరిచేసుకున్నట్లయితే ఊక ఆదా అవుతుంది, బాయిలరు ఆయుష్షు పెరుగుతుంది, దాని చెంత పనిచేసేవారు క్షేమంగా ఇల్లు చేరతారు.