బిగింపుకూ ఒక కొలత ఉంది

మన యూనియన్ వార్షిక సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాసిమ్మని మిత్రులు అడిగినప్పుడు, కృష్ణబిలాల గురించి రాద్దామా, అణుశక్తి గురించి రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి నా చేతులకు తెలిసిన సంగతి, నా చేతులారా చెడగొట్టుకున్న సంగతి రాయడమే న్యాయమనిపించింది. అది మోటారు కారులో స్పార్కు ప్లగ్గు బిగించడం. "ఇదీ ఒక వ్యాసమేనా?" అని నవ్వకండి. నేనూ ఒకప్పుడు ఇందులో ఏముందిలే అనుకున్నవాణ్ణే.

మాది తెనాలి దగ్గర పల్లె. వ్యవసాయ కుటుంబం. ఇంట్లో ట్రాక్టరు ఉంది గానీ దానికి ప్లగ్గు లేదు. అది డీజిలు ఇంజను. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే అందులో నూనె అంటుకుంటుంది. పెట్రోలు ఇంజను అలా కాదు. పెట్రోలు ఆవిరీ గాలీ కలిసిన మిశ్రమాన్ని పిస్టను నొక్కి ఉంచితే, దానికి సరైన క్షణంలో నిప్పు అందించాలి. ఆ పని ప్లగ్గుది. పదివేల వోల్టులకు పైబడిన విద్యుత్తు, మిల్లీమీటరు కన్నా చిన్న సందులోంచి దూకి మెరుపవుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందంటే, ఒక్కొక్క ప్లగ్గు నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు మెరవాలి.

1860 ప్రాంతంలోనే ఫ్రాన్సులో లెన్వార్ తన గ్యాసు ఇంజనులో విద్యుత్ మెరుపును వాడాడు. జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీలో పనిచేసిన హోనోల్డ్ 1902లో హైవోల్టేజి మాగ్నెటోను, దానికి తగ్గ ప్లగ్గును తయారుచేశాక మోటారు బండ్లకు దశ తిరిగింది. మన దేశంలో 1951లో మొదలైన మైకో కంపెనీ పేరు పాత మెకానిక్కుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది.

ప్లగ్గు చేసే పని మెరవడం ఒక్కటే కాదు. సిలిండరు పైకప్పుకు పెట్టిన బిరడా కూడా అదే. ప్లగ్గు మర వ్యాసం 14 మిల్లీమీటర్లనుకోండి, వైశాల్యం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు. లోపల మండినప్పుడు పీడనం వాతావరణ పీడనానికి 40 రెట్లు అయిందనుకుంటే, ఆ బిరడాను సుమారు 60 కిలోల బరువంత తోపు బయటికి నెడుతుంది. అదీ సెకనుకు పాతికసార్లు. పైగా మంటలో కాగిన ప్లగ్గు తన వేడిని ఎక్కువగా మరల ద్వారా, వాషరు ద్వారా హెడ్డుకు అప్పగించి చల్లబడుతుంది. వదులుగా ఉంటే ఆ దారి తెగిపోతుంది. ప్లగ్గు కొస ఎర్రగా కాగి, మెరుపు రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. అలా సాగితే పిస్టనుకే చిల్లు పడవచ్చు.

అందుకని ఎంత బిగిస్తే అంత మంచిదా? నా పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది.

మా నాన్నగారు కొన్న పాత మారుతీ 800 నాకన్నా వయసులో పెద్దది. సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్లేసరికి బండి మిస్సింగ్ కొడుతోంది. "బి.యస్సీ. చదువుతున్నాను, మూడు ప్లగ్గులు మార్చలేనా?" అనుకుని కొత్తవి తెచ్చాను. రెండు చక్కగా ఎక్కాయి. మూడోది రెండు చుట్లు తిరిగి బిర్రుగా అయింది. కొత్తది కదా, అలాగే ఉంటుందని పానా వేశాను. పానా రాడ్డుకు రెండడుగుల నీళ్ల పైపు ముక్క తొడిగి మరీ తిప్పాను. "చాల్లేరా, ఇంకెంత బిగిస్తావ్?" అన్నారు నాన్న. "మీకు తెలియదు నాన్నా, గ్యాసు లీకవుతుంది" అన్నాను. బండి స్టార్టయింది. నా అంతవాడు లేడనుకుని కాలేజీకి వచ్చేశాను.

పదిహేను రోజులకు ఒక రాత్రి మా నాయనమ్మకు ఆయాసం ఎక్కువైతే నాన్నగారు ఆమెను కారులో తెనాలి తీసుకుని బయలుదేరారు. దారిలో టప్పుమని తుపాకీ పేలినట్టు శబ్దం. మూడో ప్లగ్గు ఊడి పైకి లేచింది. కాలువ గట్టు మీద, చీకట్లో, అరగంట సేపు నాయనమ్మ ఊపిరందక అవస్థ పడింది. చివరికి పాలబండి అబ్బాయి ఎవరో ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చాడు. దైవం మేలు చూసింది, ఆమె కోలుకుంది. నాన్నగారు ఫోనులో నాకీ సంగతి చెప్పనే లేదు. తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు మా చెల్లెలు చెప్పింది.

మర్నాడే తెనాలిలో మెకానిక్ బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ ప్లగ్గు తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని మరల మధ్య సన్నటి అల్యూమినియం తీగ చుట్టలా ఇరుక్కుని ఉంది. అది మా హెడ్డులోని మర. "అడ్డంగా ఎక్కించి బలవంతాన తిప్పావబ్బాయీ. ప్లగ్గు ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఇనుముతో పోట్లాడితే ఏది ఓడుద్ది?" అన్నాడు. హెడ్డు దింపి, రంధ్రం పెద్దది చేసి, కొత్త మర ఉన్న బుష్ వేయాల్సి వచ్చింది. ఒక ఎకరం కలుపు తీయించిన కూలి డబ్బు దానికే పోయింది.

ఆ రోజు హాస్టలుకొచ్చి లెక్క వేసుకున్నాను. మనం ఇంటర్మీడియెట్‌లో చదివిన సూత్రమే: టార్కు అంటే బలం గుణించు దూరం. అల్యూమినియం హెడ్డులో 14 మి.మీ. ప్లగ్గుకు సాధారణంగా కావలసింది 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. 20 సెంటీమీటర్ల రాడ్డు మీదైతే 12 నుంచి 15 కిలోల బరువంత ఒత్తిడి చాలు. నేను రెండడుగుల పైపు మీద అదే 15 కిలోలు పెట్టినా 90 న్యూటన్ మీటర్లు! కావలసినదానికి మూడు రెట్లు. సూత్రం పరీక్షలో రాశాను గానీ పైపు తొడిగేటప్పుడు గుర్తుకు రాలేదు.

ఇక బాబాయి దగ్గర నేర్చుకున్న పద్ధతి చెబుతాను.

మొదటిది, ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేడి మీద విప్పితే మరలు దెబ్బతింటాయి. వైర్లు తారుమారు కాకుండా గుర్తు పెట్టుకుని, వైరును కాక దాని తొడుగును పట్టుకుని లాగాలి. ప్లగ్గు విప్పేముందు చుట్టూ ఉన్న దుమ్మును సైకిలు పంపుతో ఊదేయాలి. లేకుంటే ఇసుక రేణువు సిలిండరులో పడుతుంది.

తీసిన పాత ప్లగ్గును పారేయకుండా చూడండి. కొస లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు పాలు ఎక్కువ. నూనె తడి ఉంటే ఇంజను ఆయిలు లోపలికి ఎక్కుతోంది. తెల్లగా కాలి బొబ్బలెక్కినట్టుంటే మితిమీరి వేడెక్కుతోంది.

కొత్త ప్లగ్గు ఆ ఇంజనుకు చెప్పిన రకమే కావాలి. మర పొడవు ఎక్కువైతే పిస్టనుకు తగలవచ్చు. సందును ఫీలర్ గేజితో చూసి, తేడా ఉంటే పక్కకు వంగిన కొసను మాత్రమే మెల్లగా సర్దాలి. నడిమి పింగాణీ జోలికి పోకూడదు.

తర్వాతే అసలు పని. ప్లగ్గు తలకు జానెడు రబ్బరు గొట్టం తొడిగి రంధ్రంలో నిలువుగా ఆనించాలి. ముందు ఎడమవైపు, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పితే ఒకచోట మర మరలో దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి కుడివైపు తిప్పాలి. అడ్డంగా ఎక్కితే రబ్బరు జారిపోతుంది గానీ మరను చెరపదు. మర పొడవు 19 మి.మీ., ఒక్కో చుట్టుకు దిగేది 1.25 మి.మీ. అయితే సుమారు పధ్నాలుగు, పదిహేను చుట్లు వేళ్లతోనే దిగాలి. రెండు చుట్లకే బిర్రుగా అయిందంటే అది బిగింపు కాదు, తప్పుదారి. వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. నేను ఇక్కడ చుట్లు లెక్కపెట్టి ఉంటే సరిపోయేది!

వాషరు ఆనేదాకా చేత్తో బిగించాక, టార్కు రెంచి ఉంటే దానితో చెప్పిన కొలతకు బిగించాలి. లేకుంటే కొత్త వాషరైతే పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు. ఆ కాస్త తిప్పడంలోనే వాషరు నలిగి సందు మూసుకుంటుంది. ఒకసారి నలిగిన పాత వాషరైతే చుట్టులో పన్నెండో వంతు, అంటే గడియారం ముల్లు ఒక అంకె జరిగినంత. వాషరు లేకుండా ఏటవాలు అంచు ఉన్న ప్లగ్గైతే పదహారో వంతు చాలు. మరలకు గ్రీజు పూసే అలవాటు చాలామందికుంది. పూత పూసి వచ్చే ప్లగ్గుకు అది అక్కర్లేదు. జారుడు పెరిగితే అదే బలానికి బిగింపు మితిమీరుతుంది.

మోటారు సైకిలుకైనా, మా పొలంలో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరుకైనా నీతి ఇదే. కొలతలు మాత్రం వాటి పుస్తకం చూసుకోవాలి.

మొన్న వేసవిలో ప్లగ్గులు మళ్లీ మార్చవలసి వచ్చింది. నాన్నగారు పానా తెచ్చి మాట్లాడకుండా నా చేతికే ఇచ్చారు. నేను పైకి చుట్లు లెక్కపెడుతూ తిప్పుతుంటే పక్కన నిలబడి వింటున్నారు. చివర అర చుట్టు తిప్పి, "చాలా నాన్నా?" అని అడిగాను.

"నువ్వే కదరా లెక్కపెట్టింది, చాలు" అన్నారు. అరుగు మీద నాయనమ్మ మా వంక చూసి నవ్వింది.

– తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి