సెలెరాన్ – డ్యూరాన్ : ఒక పోలిక

ఉద్దేశం

ఒక వస్తువును దాని పేరును బట్టిగాని, పైన ముద్రించిన ఒక్క అంకెను బట్టిగాని కాక, నిర్మాణాన్నీ ప్రయోజనాన్నీ బట్టి అంచనా వేయడం ఎలాగో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

ప్రక్రియ

ఇది వివరణాత్మక వ్యాసం. ఒక సాంకేతిక విషయాన్ని క్రమపద్ధతిలో, ఉపమానాల సహాయంతో, పాఠకునికి సులభంగా బోధపడేటట్లు వివరించడం ఈ ప్రక్రియ లక్షణం.

పాఠ్యభాగం

కంప్యూటరు అనగానే మన కళ్ళకు తెర, కీబోర్డు కనిపిస్తాయి. కాని చెప్పిన పనిని చేసే శక్తి పెట్టె లోపల, వేలి గోరంత సిలికాన్ బిళ్ళలో ఉంటుంది. దానినే ప్రాసెసర్ అంటారు. లెక్కలు కట్టడం, పోల్చడం, ఆజ్ఞలను వరుసగా అమలుచేయడం దాని పని. 1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 అనే తొలి ప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. మూడు దశాబ్దాలు గడిచేసరికి, తక్కువ వెలకు అమ్మే ప్రాసెసర్లలో కూడా వాటి సంఖ్య కోట్లకు చేరింది.

తక్కువ వెల అన్న మాట చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఆ రోజులలో మన రాష్ట్రంలో కంప్యూటరు సామాన్యుని ముంగిటికి రావడానికి కారణం ఆ చవక ప్రాసెసర్లే. డి.టి.పి. కేంద్రాలలో శుభలేఖలు కూర్చినవి, ఇంటర్నెట్ కేంద్రాలలో ఎంసెట్ ఫలితాలు చూపినవి, చిన్న పరిశ్రమల ఖాతాలు రాసినవి చాలావరకు ఇటువంటి యంత్రాలే. ఖరీదైన యంత్రం కొనగలవాడు పొరపాటున తప్పు ఎంపిక చేసినా తట్టుకోగలడు. కూడబెట్టిన సొమ్ముతో కొనేవాడికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి చవక వస్తువులను పోల్చి చూడడం ఖరీదైన వాటిని పోల్చడం కంటే అవసరమైన విద్య.

ఈ తరగతిలో రెండు ప్రాసెసర్లు ప్రసిద్ధి పొందాయి. ఒకటి ఇంటెల్ వారి సెలెరాన్, మరొకటి ఎ.ఎం.డి. వారి డ్యూరాన్. సెలెరాన్ 1998 ఏప్రిల్‌లో వెలువడింది. డ్యూరాన్ 2000 జూన్‌లో వచ్చింది. ఈ పేర్లు రెండూ లాటిన్ మూలాలు కలవి. లాటిన్‌లో 'సెలెర్' అంటే వేగం కలది. 'డ్యురారే' అంటే మన్నడం, చిరకాలం నిలవడం. ఒకటి వేగవంతుడు, రెండవది చిరంజీవి అన్నమాట. ఈ నామధేయాలు సార్థకమైనవేనా అన్నది పరిశీలించవలసిన విషయం.

పోలిక న్యాయంగా ఉండాలంటే సమఉజ్జీలను ఎంచుకోవాలి. 2000 మార్చిలో వచ్చిన 600 మెగాహెర్ట్జ్ సెలెరాన్‌ను, అదే ఏడు జూన్‌లో వచ్చిన 600 మెగాహెర్ట్జ్ డ్యూరాన్‌ను తీసుకుందాం. 600 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 60 కోట్ల స్పందనలు. తాళం రెండింటికీ ఒకటే. అయినా అధికభాగం పరీక్షలలో డ్యూరాన్ ముందు నిలిచింది. తాళం ఒకటైనప్పుడు పాటలో తేడా ఎందుకు వచ్చింది?

దీనిని గ్రహించడానికి కాటేదాన్ పారిశ్రామికవాడలోని ఒక లేత్ వర్క్‌షాపును ఊహించుకోండి. పనివాడు యంత్రం ముందు నిలబడి ఉంటాడు. నిత్యం కావలసిన పనిముట్లు అతని చేతికందే బల్లమీద ఉంటాయి. అప్పుడప్పుడు కావలసినవి గోడవార ఉన్న బీరువాలో ఉంటాయి. మిగిలిన సరుకంతా వీధి అవతల గోడౌనులో ఉంటుంది. బల్లమీద దొరికితే పని ఆగదు. బీరువా దాకా వెళ్తే కొంత ఆలస్యం. గోడౌను నుంచి తెప్పించవలసి వస్తే యంత్రం ఊరక తిరుగుతూ ఉండవలసిందే. ప్రాసెసర్‌లో బల్ల స్థానంలో ఉన్నది మొదటి అంచె కేష్ మెమరీ, బీరువా స్థానంలో ఉన్నది రెండవ అంచె కేష్ మెమరీ. గోడౌను కంప్యూటరులోని ప్రధాన మెమరీ. గోడౌనుకూ వర్క్‌షాపుకూ నడుమ ఉన్న దారిని బస్ అంటారు.

సెలెరాన్‌లో బల్ల చిన్నది, 32 కిలోబైట్లు. బీరువా 128 కిలోబైట్లు. డ్యూరాన్‌లో ఇది తలకిందులు. బల్ల 128 కిలోబైట్లు, బీరువా 64 కిలోబైట్లు. అంతటితో ఆగలేదు. సెలెరాన్‌లో బల్లమీద ఉన్న వస్తువు నకలు సాధారణంగా బీరువాలోనూ ఉంటుంది. అందువల్ల వేర్వేరు సమాచారానికి దొరికే చోటు సుమారు 128 కిలోబైట్లే. డ్యూరాన్‌లో ఒకచోట ఉన్నది రెండవచోట ఉండదు. కాబట్టి మొత్తం 192 కిలోబైట్లూ ఉపయోగపడతాయి. అయితే సెలెరాన్‌కు ఇక్కడ ఒక మేలు ఉంది. దాని బీరువా తలుపు వెడల్పు 256 బిట్లు, డ్యూరాన్‌ది 64 బిట్లు మాత్రమే. అంటే బీరువాలో ఉన్నదాన్ని సెలెరాన్ త్వరగా తీసుకోగలదు. పోలికలో ఒకరి గుణాలన్నీ, మరొకరి దోషాలన్నీ ఏకరువు పెట్టడం న్యాయం కాదు.

ఇక దారి సంగతి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో ప్రారంభమైంది. అంతకుముందు శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళేవారికి కారు ఎంత వేగమైనదైనా కింది రోడ్డు రద్దీయే ప్రయాణకాలాన్ని నిర్ణయించేది. ప్రాసెసర్‌కూ ఇదే నియమం. ఆ సెలెరాన్ బస్ వేగం 66 మెగాహెర్ట్జ్. దాని మీదుగా సెకనుకు సుమారు 53 కోట్ల బైట్లు ప్రయాణించగలవు. డ్యూరాన్ బస్ 100 మెగాహెర్ట్జ్‌దే అయినా ఒక్కొక్క స్పందనకు రెండుసార్లు సమాచారాన్ని మోస్తుంది. కనుక దాని సామర్థ్యం సెకనుకు 160 కోట్ల బైట్లు. దాదాపు మూడు రెట్లు! అయినా ఆనాడు వాడుకలో ఉన్న 100 మెగాహెర్ట్జ్ మెమరీ సెకనుకు 80 కోట్ల బైట్లకు మించి అందించలేదు. దారి విశాలమైనా గోడౌను ద్వారం ఇరుకైనది కావడంతో ఆ మూడు రెట్ల లాభం పూర్తిగా దక్కలేదు. ఏ వ్యవస్థకైనా దాని బలహీనమైన అంగమే హద్దును నిర్ణయిస్తుంది. 2001 జనవరిలో వచ్చిన 800 మెగాహెర్ట్జ్ సెలెరాన్‌తో ఇంటెల్ తన బస్‌ను 100 మెగాహెర్ట్జ్‌కు పెంచింది.

ఇంతవరకు విన్నవారు డ్యూరాన్‌నే కొనాలని నిశ్చయించుకోవచ్చు. కాని ప్రాసెసర్ ధర వేరు, కంప్యూటరు ధర వేరు. సెలెరాన్‌కు తగిన మదర్‌బోర్డులలో తెరపై బొమ్మలు చూపే గ్రాఫిక్స్ వ్యవస్థను కలిపి ఇచ్చే ఇంటెల్ 810 చిప్‌సెట్ 1999 నుంచే లభించింది. డ్యూరాన్‌కు మొదటి నెలల్లో దొరికిన బోర్డులకు గ్రాఫిక్స్ కార్డును విడిగా కొనవలసి వచ్చేది. ప్రాసెసర్ మీద మిగిలిన సొమ్ము కార్డు మీద ఖర్చయ్యేది. ఉత్తరాలు టైపు చేసుకునే కార్యాలయానికి సెలెరాన్, లెక్కలు ఎక్కువగా ఉండే పనులకూ ఆటలకూ డ్యూరాన్ తగినవని చెప్పడం ఇందువల్లనే ఉచితం.

మరొక విషయం వేడి. డ్యూరాన్ ఎక్కువ విద్యుత్తును వాడుకొని ఎక్కువ వేడెక్కేది. పైగా తొలి డ్యూరాన్లలో ఉష్ణోగ్రతను లోపలే కొలిచే ఏర్పాటు లేదు. చల్లబరచే లోహపు దిమ్మె సరిగా అమరకపోతే క్షణాలలో కాలిపోయే ప్రమాదం ఉండేది. మండు వేసవిలో ఏ.సి. లేని గదులలో పనిచేసే యంత్రాలకు ఇది ఆలోచించవలసిన అంశం.

ఇప్పుడు నామార్థాలకు వద్దాం. వేగమని పేరు పెట్టుకున్న సెలెరాన్ సమాన తాళంలో వెనుకబడింది. మన్నిక అని పేరు పెట్టుకున్న డ్యూరాన్ వేడికి తాళలేని స్వభావం కలది. వ్యాపారనామంగా కూడా డ్యూరాన్ అల్పాయుష్కమే. 2004లో సెంప్రాన్ దాని స్థానాన్ని ఆక్రమించింది. సెలెరాన్ పేరును మాత్రం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో 2023 వరకు కొనసాగించింది. పేరు పెట్టేది అమ్మేవాడు. అర్థం చెప్పవలసినది అనుభవం.

పేరు కంటె కూడా ఎక్కువగా జనాన్ని భ్రమింపజేసినది మెగాహెర్ట్జ్ అంకె. 2002 మే నెలలో ఇంటెల్ 1.7 గిగాహెర్ట్జ్ సెలెరాన్‌ను పెంటియం 4 నిర్మాణంతో విడుదల చేసింది. ఆ నిర్మాణంలో ఒక్కొక్క ఆజ్ఞ 20 చిన్న దశలు దాటవలసి ఉంటుంది. అడుగు చిన్నదైతే త్వరగా వేయవచ్చు, కాని అడుగడుగుకూ నడిచే దూరం తగ్గుతుంది. కేష్ మాత్రం 128 కిలోబైట్ల దగ్గరే నిలిచిపోయింది. ఫలితంగా 2003లో వచ్చిన 1.6 గిగాహెర్ట్జ్ డ్యూరాన్ అనేక పరీక్షలలో 2 గిగాహెర్ట్జ్ దాటిన సెలెరాన్లను మించింది. పెట్టె మీద పెద్ద అంకె చూసి కొన్నవారు నష్టపోయారు.

ఈ కథకు మన ప్రాంతంతో మరో సంబంధం ఉంది. శంషాబాద్ విమానాశ్రయ సమీపంలోని రావిర్యాల దగ్గర 2005, 2006 సంవత్సరాలలో 'ఫ్యాబ్ సిటీ' పథకానికి రూపకల్పన జరిగింది. సెమ్ఇండియా అనే సంస్థ ఎ.ఎం.డి. సాంకేతిక సహకారంతో అక్కడ చిప్‌ల కర్మాగారం నిర్మించాలని సంకల్పించింది. ఆ కర్మాగారం కార్యరూపం దాల్చలేదు. ప్రాసెసర్లు మన నేలమీద పుట్టలేదు. కాని పాతబడిన తరువాత వాటి శిథిలాలు మాత్రం మన చెత్తలోకే చేరాయి. కాటేదాన్ పరిసరాల నేలలో సీసం వంటి భారలోహాలు మితిమీరి ఉన్నట్లు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వెల్లడించారు. పలు పరిశ్రమల వ్యర్థాలతో ఇప్పటికే భారమైన అటువంటి నేలలకు పాత సర్క్యూట్ బోర్డులలోని సీసాన్ని కూడా జతచేయడం క్షంతవ్యం కాదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణకు మన దేశంలో 2012 నుంచి ప్రత్యేక నియమాలు అమలులోకి వచ్చాయి. పాత కంప్యూటరును తూకానికి అమ్మక, అనుమతి పొందిన పునశ్శుద్ధి కేంద్రానికి ఇవ్వడం కొన్నవాడి ధర్మం.

ఆనాటి సెలెరాన్, డ్యూరాన్ ప్రాసెసర్ల కాలం గడిచిపోయింది. కాని నేటి సెల్‌ఫోన్ ప్రకటనలలోనూ ఒక్క పెద్ద అంకె మెరుస్తూనే ఉంటుంది. అది చూసినప్పుడు బల్ల ఎంత, బీరువా ఎంత, దారి ఎంత, నా పని ఏమిటి అని ప్రశ్నించుకోగలిగినవాడే వివేకవంతుడైన కొనుగోలుదారుడు.

అర్థాలు

సమఉజ్జీ = సమానబలం కలవాడు
సార్థకం = అర్థానికి తగినది
ఏకరువు పెట్టు = ఒకదాని తరువాత ఒకటి చెప్పు
అల్పాయుష్కం = తక్కువ కాలం జీవించేది
క్షంతవ్యం = క్షమింపదగినది

ప్రశ్నలు

1. సెలెరాన్, డ్యూరాన్ పేర్ల అర్థాలు వాటి స్వభావానికి ఎంతవరకు సరిపోయాయి?
2. లేత్ వర్క్‌షాపు ఉపమానం ద్వారా కేష్ మెమరీని వివరించండి.
3. "ప్రాసెసర్ ధర వేరు, కంప్యూటరు ధర వేరు" – సమర్థించండి.
4. మీ ఇంట్లో ఉన్న రెండు వస్తువులను తీసుకొని, ఇదే పద్ధతిలో గుణదోషాలను పోలుస్తూ ఒక వ్యాసం రాయండి.