పేరులేని సైనికుని పేరు

చరిత్రను ఇతివృత్తంగా గైకొన్న వీడియో ఆటలు నేడు విద్యార్థి లోకాన్ని విశేషంగా ఆకర్షిస్తున్నవి. వాటిలో కనిపించే వీరులందరూ నిజముగా జీవించినవారేనా? జౌ ట్సాంగ్ అను ఒక చిన్న దళనాయకుని వృత్తాంతం ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఇస్తుంది.

జపానుకు చెందిన కోయీ టెక్మో సంస్థ 2018లో 'డైనాస్టీ వారియర్స్ 9' అను ఆటను వెలువరించింది. దీనికి ఆధారం చైనాలోని మూడు రాజ్యాల కాలం. ఈ పరంపరలోని పూర్వపు ఆటలలో జౌ ట్సాంగ్, మహావీరుడైన గ్వాన్ యూ కొలువులోని అప్రధాన సేనాని మాత్రమే. తొమ్మిదవ ఆటలో, ఆడేవారు స్వయంగా నడిపింపగల వీరుని స్థాయికి అతడు ఎదిగాడు.

అయితే క్రీ.శ. 3వ శతాబ్దిలో చెన్ షౌ రచించిన మూడు రాజ్యాల చరిత్రలో ఈ పేరే లేదు. అందులో ఒక చిన్న ఘట్టం మాత్రం గలదు. 215లో జింగ్ ప్రాంతపు వివాదం గూర్చి గ్వాన్ యూ, ప్రతిపక్ష సేనాని లూ సు సమావేశమైరి. చర్చ నడుమ ఒక వ్యక్తి, భూమి గుణవంతులకే చెందవలెనని పలికాడు. లూ సు అతనిని గద్దించాడు. గ్వాన్ యూ వెలుపలికి పొమ్మని కనుసైగ చేశాడు. ఆ వ్యక్తి పేరును చరిత్రకారుడు వ్రాయలేదు.

లువో గ్వాన్‌జోంగ్ పేర ప్రసిద్ధమైన 14వ శతాబ్ది నవల ఆ మాటలను జౌ ట్సాంగ్ నోట పలికించింది. 219 నాటి యుద్ధంలో పాంగ్ ద అను సేనాని పడవ తలక్రిందులై శత్రువులకు చిక్కెనని చరిత్ర చెబుతుంది. నవలలో అతనిని నీటిలో బంధించినవాడు జౌ ట్సాంగ్. గ్వాన్ యూ మరణవార్త విని ప్రాణత్యాగం చేసినవాడూ అతడే. ఈ స్వామిభక్తికి ముగ్ధులైన ప్రజలు గ్వాన్ యూ ఆలయాలలో, ప్రభువు ఖడ్గాన్ని ధరించి నిలిచిన అతని విగ్రహాన్ని ప్రతిష్ఠించుకొన్నారు. గ్రంథం నుండి గుడికి, గుడి నుండి ఆటకు, ఆ పేరు ఇట్లు ప్రయాణించింది.

ఇది అసత్యమని ఆటను త్రోసిపుచ్చనవసరం లేదు. చరిత్ర రాజుల పేర్లను, సేనాధిపతుల పేర్లను భద్రపరచింది. వారి వెంట నడిచిన వేలాది సామాన్యుల పేర్లను విడిచిపెట్టింది. ఆ లోటును ప్రజల ఊహ పూరించింది. కాని ఊహకు గౌరవమిచ్చుట వేరు, దానిని సాక్ష్యముగా స్వీకరించుట వేరు. ఒక వీరుని సాహసాన్ని తెరపై చూచి ఆనందించిన విద్యార్థి, ఆ పేరు మొదట ఏ గ్రంథంలో, ఏ శతాబ్దిలో కనిపించినదో వెదకునేని, ఆ ఆటయే అతనికి చరిత్ర పరిశోధనలో తొలి పాఠం కాగలదు.