సద్గుణం – సాధన, వరం: కాథలిక్, లూథరన్ నైతిక చింతన

1. ఉపోద్ఘాతం

కాథలిక్కులు సత్క్రియలకు, లూథరన్లు విశ్వాసానికి ప్రాధాన్యమిస్తారన్న సూత్రీకరణ తరగతి గదుల్లో తరచుగా వినిపిస్తుంది. ఈ విభజన రెండు సంప్రదాయాలకూ న్యాయం చేయదు. సద్గుణం అవసరమా, కాదా అన్నది వాటి మధ్య వివాదం కాదు. దేవుని ఎదుట మనిషి నిలబడటంలో సద్గుణానికి ఏ స్థానం ఉంది అన్నదే అసలు ప్రశ్న. ఆ భేదాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. అక్వినాస్: స్థిరపడే గుణం

13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్, అరిస్టాటిల్‌ను అనుసరించి సద్గుణాన్ని 'హాబిటుస్' అన్నాడు. ఈ లాటిన్ పదానికి యాంత్రికమైన అలవాటు అని అర్థం కాదు. మేలైన పనిని సులువుగా, సంతోషంగా చేయించే స్థిరమైన అంతర్గత సంసిద్ధత అని అర్థం. వీణ సాధన చేయగా చేయగా వైణికుడైనట్లే, న్యాయమైన పనులు చేయగా చేయగా మనిషి న్యాయశీలి అవుతాడు. అయితే అక్వినాస్ అక్కడే ఆగలేదు. విశ్వాసం, నిరీక్షణ, దైవప్రేమ అనే మూడు గుణాలు సాధనతో అలవడేవి కావనీ, దేవుడు కృపతో మనిషిలో నింపేవనీ స్పష్టం చేశాడు.

3. లూథర్: ముందు చెట్టు, తరువాత ఫలం

1517 సెప్టెంబరులో స్కొలాస్టిక్ వేదాంతాన్ని ఖండిస్తూ చేసిన ప్రతిపాదనల్లో మార్టిన్ లూథర్ అరిస్టాటిల్ క్రమాన్ని తలకిందులు చేశాడు. దేవుని ఎదుట నీతి మన చేతల ఫలితం కాదు, మంచి చేతలే ఆ నీతికి ఫలితమన్నది అతని వాదం. ఆ నీతి క్రీస్తుది. విశ్వాసం ద్వారా మనిషికి లభిస్తుంది. కనుక విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ, పాపీ. అలాగని లూథర్ నైతిక శిక్షణను తోసిపుచ్చలేదు. 1529 నాటి 'చిన్న కాటకిజం'లో కుటుంబాల కోసం ఉదయ, సాయంకాల ప్రార్థనలు కూర్చాడు. అతని సహచరుడు మెలంక్తన్ విట్టెన్‌బర్గ్‌లో అరిస్టాటిల్ నీతిశాస్త్రానికి వ్యాఖ్య రచించాడు. లౌకిక జీవనంలో సాధనకు చోటుంది. రక్షణకు అది ఆధారం కాదు.

4. సమీపించిన దారులు

1547లో ట్రెంట్ మహాసభ, నీతి అంటే పాపక్షమాపణ మాత్రమే కాదనీ, అంతరంగ నవీకరణ కూడాననీ ప్రకటించింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్ సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన, మనిషి కృపవల్లనే అంగీకరించబడతాడనీ, సత్క్రియలు దానిని అనుసరించే ఫలాలనీ అంగీకరించింది. విశ్వాసిని ఇంకా పాపి అనవచ్చునా అన్న విషయంలో మాత్రం వివరణలు వేర్వేరుగానే నిలిచాయి.

5. ముగింపు

'నేను ఎలాంటి మనిషినవుతున్నాను?' అన్న ప్రశ్నను అక్వినాస్ చింతన ముందుకు తెస్తుంది. 'నేను దేనిపై ఆధారపడుతున్నాను?' అన్న ప్రశ్నను లూథర్ చింతన ముందుకు తెస్తుంది. రెండవ ప్రశ్నను మరచిన సాధన అహంకారానికి దారితీయవచ్చు. మొదటి ప్రశ్నను మరచిన విశ్వాసం అలసత్వానికి దారితీయవచ్చు. నైతిక విద్యను బోధించేవారు ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం అవసరం.