కోడ్ ఎడిటర్ సతాయిస్తోందా?

కాలేజీల్లో సి ల్యాబ్ మొదలయ్యే నెలలో నా వాట్సాప్‌కి వచ్చే స్క్రీన్‌షాట్లు దాదాపు అన్నీ ఒకటే. పైన ఎనిమిది లైన్ల ప్రోగ్రాం. కింద టెర్మినల్లో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు విన్‌మెయిన్’ అనే ఎర్రర్. దాని కింద మెసేజ్: ‘అన్నా, మెయిన్ ఫంక్షన్ రాసిన కదా, మళ్లీ ఇదేంది?’

నా జవాబు కూడా ఒకటే. ‘పైన ట్యాబ్‌లో ఫైల్ పేరు పక్కన చిన్న గుండ్రటి చుక్క ఉందా చూడు.’ నూటికి తొంభై సార్లు ఉంటుంది. ఆ చుక్క ఉందంటే ఫైల్ సేవ్ కాలేదని అర్థం. తెర మీద మీకు కనిపించే ప్రోగ్రాం వేరు, డిస్క్‌లో ఉన్న ఫైల్ వేరు. కంపైలర్ చదివేది డిస్క్‌లోదాన్ని. అక్కడ ఖాళీ ఫైల్ ఉంటుంది. మెయిన్ దొరక్కపోతే విండోస్‌లోని మింగ్‌డబ్ల్యూ కంపైలర్, కిటికీలూ బటన్లూ ఉండే ప్రోగ్రాంలు మొదలయ్యే ‘విన్‌మెయిన్’ కోసం వెతుకుతుంది. అదీ దొరక్క ఆ పేరుతో ఎర్రర్ పడేస్తుంది. మనం ఎప్పుడూ వినని పేరు కదా, చూడగానే గుండె జారుతుంది. కంట్రోల్+ఎస్ కొట్టి మళ్లీ రన్ చేస్తే చాలు. సేవ్ చేశాక కూడా అదే వస్తే మెయిన్ స్పెల్లింగ్ చూడండి. మొదటి అక్షరం పెద్దది పెట్టినా ఇదే గోల.

ఇంత చిన్నదానికి ఇంత రాయాలా అంటారేమో. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, బీటెక్‌లోనో డిగ్రీలోనో మొదటిసారి ల్యాప్‌టాప్ ముట్టుకున్న పిల్లలు నాకు బాగా తెలుసు. రెండు రోజులు ఇలాంటి ఎర్రర్‌తో కుస్తీ పట్టి ‘నాకు కోడింగ్ రాదులే’ అని తేల్చేసుకుంటారు. వాళ్లకి లూప్ అర్థమైంది, లాజిక్ సరిగ్గానే రాశారు. అడ్డం పడింది ఎడిటర్. ఆ తేడా చెప్పేవాళ్లు పక్కన లేక వెనక్కి తగ్గినవాళ్లని చూశాను కాబట్టే ఇది రాస్తున్నా.

ఎడిటర్ అంటే ఇక్కడ వీఎస్ కోడ్. మైక్రోసాఫ్ట్ 2015 ఏప్రిల్‌లో బయటపెట్టింది. 2024 స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో 70 శాతానికి పైగా డెవలపర్లు వాడుతున్నామని చెప్పింది దీన్నే. ఉచితం కాబట్టి మన కాలేజీల్లోనూ ఇదే రాజ్యం.

చుక్క బాధ శాశ్వతంగా పోవాలంటే ఫైల్ మెనూ తెరిచి ‘ఆటో సేవ్’ మీద ఒక్క క్లిక్. మీరు టైపింగ్ ఆపిన సెకనుకి దానంతట అదే సేవ్ అవుతుంది.

నంబర్ ఎంటర్ చేయమంటుంది, చేయనివ్వదు

రెండో ఫిర్యాదు ఇంకా చిత్రమైనది. ‘స్కాన్‌ఎఫ్ పెట్టాను. రన్ చేస్తే కర్సర్ ఊరికే ఉంది. నంబర్ కొడదామంటే కెనాట్ ఎడిట్ ఇన్ రీడ్ ఓన్లీ ఎడిటర్ అంటోంది.’

యూట్యూబ్ వీడియో చూసి చాలామంది ‘కోడ్ రన్నర్’ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటారు. పైన త్రికోణం బటన్ నొక్కితే ప్రోగ్రాం నడుస్తుంది, హాయిగా ఉంటుంది. అయితే అది మామూలుగా ఫలితాన్ని చూపించేది ‘అవుట్‌పుట్’ అనే ప్యానెల్‌లో. అది నోటీసు బోర్డు లాంటిది. చదవచ్చు, రాయలేం. మీ ప్రోగ్రాం లోపల మీ నంబర్ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది, మీకేమో అది చెప్పే దారి ఉండదు. కొన్నిసార్లు ‘ఎంటర్ ఎ నంబర్’ అన్న ప్రింట్‌ఎఫ్ లైను కూడా కనిపించదు. ఎందుకంటే ఎదురుగా నిజమైన టెర్మినల్ లేనప్పుడు సి ప్రోగ్రాం తన మాటల్ని బఫర్‌లో పోగేసుకుని, చివర్లో ఒకేసారి వదులుతుంది. విసుగొచ్చి మళ్లీ రన్ నొక్కితే ‘కోడ్ ఈజ్ ఆల్‌రెడీ రన్నింగ్’ అని ఇంకో మొట్టికాయ.

ముందు కంట్రోల్+ఆల్ట్+ఎం కొట్టి ఆ ఆగిపోయిన ప్రోగ్రాంని చంపండి. తర్వాత కంట్రోల్+కామా కొడితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. సెర్చ్ పెట్టెలో ‘రన్ ఇన్ టెర్మినల్’ అని కొట్టండి. కోడ్ రన్నర్ పేరు కింద ఒక గడి కనిపిస్తుంది, టిక్ పెట్టండి. ఇక నుంచి మీ ప్రోగ్రాం టెర్మినల్‌లో నడుస్తుంది, అక్కడ ఎన్ని నంబర్లైనా కొట్టుకోవచ్చు. పనిలో పనిగా దాని కిందే ‘సేవ్ ఫైల్ బిఫోర్ రన్’ అనేది కూడా ఉంటుంది. దానికీ టిక్ పెట్టేస్తే పైన చెప్పిన చుక్క గొడవకి రెండో తాళం పడ్డట్టే.

నా ఉద్దేశంలో ఈ ఎక్స్‌టెన్షన్ మొదటి నుంచే టెర్మినల్‌లో నడిచేలా ఉండాల్సింది. సి నేర్చుకునేవాడి మూడో ప్రోగ్రామే స్కాన్‌ఎఫ్‌తో ఉంటుంది మరి.

వేళ్ల కింద చిరాకులు

ఉన్నట్టుండి ట్యాబ్ కీ పనిచేయదు. లైను లోపలికి జరగాల్సింది పోయి, కర్సర్ ఎక్కడో మెనూల మీదికి ఎగిరిపోతుంది. కీబోర్డ్ పోయిందని షాపుకి తీసుకెళ్లకండి. వేలు జారి కంట్రోల్+ఎం పడి ఉంటుంది. కళ్లు కనిపించనివాళ్లు మౌస్ లేకుండా తిరగడానికి ఇచ్చిన సదుపాయం అది. కింద పట్టీలో ‘ట్యాబ్ మూవ్స్ ఫోకస్’ అని రాసి ఉంటుంది. మళ్లీ కంట్రోల్+ఎం కొడితే పోతుంది.

ఇంకొకటి, కొత్త లైనుకి వెళ్దామని ఎంటర్ కొడతాం, అది మనం రాసిన పదాన్ని తీసేసి తనకి నచ్చిన పదం పెడుతుంది. సజెషన్ పెట్టె తెరుచుకుని ఉన్నప్పుడు ఎంటర్ అంటే ‘సరే, అదే పెట్టు’ అని దాని లెక్క. సెట్టింగ్స్‌లో ‘యాక్సెప్ట్ సజెషన్ ఆన్ ఎంటర్’ వెతికి ఆఫ్ చేయండి. ట్యాబ్ కొడితేనే సజెషన్ తీసుకుంటుంది, ఎంటర్ ఎంటర్‌లాగే ఉంటుంది. నేను ఏ కొత్త మెషీన్‌లో అయినా మొదట మార్చేది దీన్నే.

ఒక ఫైల్ తెరిచి ఇంకోటి క్లిక్ చేస్తే మొదటిది మాయమవుతోందా? ట్యాబ్‌లో పేరు వాలు అక్షరాల్లో ఉందంటే అది ప్రివ్యూ మాత్రమే. డబుల్ క్లిక్ చేస్తే నిలబడుతుంది. లైను కుడివైపు తెర దాటి పోతుంటే ఆల్ట్+జెడ్. ఇవన్నీ గుర్తుండవు అనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కంట్రోల్+షిఫ్ట్+పి. కావాల్సిన పని పేరు అక్కడ కొడితే చాలు, షార్ట్‌కట్ కూడా పక్కనే చూపిస్తుంది.

పైథాన్ ఉంది, కానీ లేదట

పైథాన్ ఇన్‌స్టాల్ చేశాక కూడా ‘పైథాన్ వాజ్ నాట్ ఫౌండ్, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకో’ అనే ధోరణిలో మెసేజ్ వస్తుంది. విండోస్‌లో పైథాన్ పేరుతో ఒక ఉత్తుత్తి దారి ముందే ఉంటుంది, అది స్టోర్‌కి తీసుకెళ్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో ‘యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియసెస్’ అని వెతికి, పైథాన్ పేర్లున్న రెండు స్విచ్‌లూ ఆపేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘యాడ్ టు పాత్’ గడికి టిక్ పెట్టకపోయి ఉంటే ఇన్‌స్టాలర్ మళ్లీ నడిపి పెట్టండి. తర్వాత వీఎస్ కోడ్‌ని పూర్తిగా మూసి తెరవాలి. తెరిచి ఉన్న ఎడిటర్‌కి పాత పాత్ మాత్రమే తెలుసు. చాలామంది ఇక్కడే ‘అన్నీ చేశా, అయినా రాలేదు’ అంటారు.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఆన్ చేద్దామంటే ‘రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిజేబుల్డ్’ అని పవర్‌షెల్ అడ్డుపడితే, భద్రతా నియమాలు మొత్తం ఎత్తేసే కమాండ్ ఎవరో ఇచ్చింది కాపీ కొట్టకండి. కంట్రోల్+షిఫ్ట్+పి కొట్టి ‘సెలెక్ట్ డిఫాల్ట్ ప్రొఫైల్’ వెతికి, టెర్మినల్‌ని పవర్‌షెల్ బదులు కమాండ్ ప్రాంప్ట్‌కి మార్చండి. కొత్త టెర్మినల్ తెరవండి. ఈ గొడవే ఉండదు.

4 జీబీ ల్యాప్‌టాప్ కష్టాలు

అక్షరం కొడితే రెండు సెకన్లకి తెర మీదికి వస్తోందంటే అనుమానించాల్సింది ముందు ఎక్స్‌టెన్షన్లని. ‘ఈ 25 ఎక్స్‌టెన్షన్లు తప్పనిసరి’ అనే వీడియోలు చూసి అన్నీ ఎక్కించుకుంటే ర్యామ్ ఏం చేస్తుంది పాపం. వాటిలో కొన్ని అసలు అవసరమే లేనివి. బ్రాకెట్లకి రంగులేసే ఎక్స్‌టెన్షన్ సంగతే తీసుకోండి. ఒకప్పుడు అది బాగా పాపులర్. 2021లో ఆ పనిని వీఎస్ కోడ్ తన లోపలే పెట్టేసుకుంది, ఎక్స్‌టెన్షన్ కన్నా 10,000 రెట్ల దాకా వేగంగా చేస్తున్నామని ఆ టీమే రాసింది. ఇంకా పాత వీడియోలు చూసి దాన్ని వేసుకునేవాళ్లు ఉన్నారు.

దోషి ఎవరో ఒక్కొక్కటీ ఆపి చూడాల్సిన పని లేదు. కంట్రోల్+షిఫ్ట్+పి కొట్టి ‘స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ ఎంచుకోండి. అది సగం ఎక్స్‌టెన్షన్లని ఆపి, సమస్య ఇంకా ఉందా అని అడుగుతుంది. మీ జవాబుని బట్టి దోషి ఏ సగంలో ఉందో తేల్చి, దాన్ని మళ్లీ సగం చేస్తుంది. 30 ఎక్స్‌టెన్షన్లున్నా అయిదారు ప్రశ్నల్లో పేరు చెప్పేస్తుంది. క్లాసులో చెప్పిన బైనరీ సెర్చ్ ఎందుకు పనికొస్తుందని అడిగేవాళ్లకి నేను చూపించేది ఇదే.

ఎక్స్‌టెన్షన్లు తగ్గించినా బరువుగానే ఉంటే, కుడివైపు కోడ్‌ని చీమల బారులా చూపించే ‘మినీమ్యాప్’ తీసేయండి. ప్రాజెక్ట్‌ ఫోల్డర్ తెరవాల్సింది పోయి డీ డ్రైవ్ మొత్తం తెరిచారేమో కూడా చూసుకోండి. దానిలోని ఫైళ్లన్నిటి మీదా ఎడిటర్ ఒక కన్నేసి ఉంచాల్సి వస్తుంది.

తెలుగులో ప్రింట్ చేస్తే

ప్రోగ్రాంలో తెలుగు రాసేవాళ్లకి ప్రత్యేకంగా మూడు తలనొప్పులు. మొదటిది, వత్తులూ గుణింతాలూ పై లైనుకీ కింది లైనుకీ తగిలి తెగిపోవడం. సెట్టింగ్స్‌లో ‘లైన్ హైట్’ దగ్గర 1.8 అని ఇవ్వండి. అంటే ఫాంట్ సైజుకి 1.8 రెట్ల ఎత్తు. ‘ఫాంట్ ఫ్యామిలీ’లో ఇంగ్లిష్ ఫాంట్ పేరు తర్వాత కామా పెట్టి ‘నిర్మల యూఐ’ చేర్చండి, విండోస్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది.

రెండోది, టెర్మినల్లో తెలుగు చెదిరిపోవడం. టెర్మినల్ తెరని సమానమైన గడులుగా కోసి అక్షరాలు పేరుస్తుంది. ‘స్త్రీ’ లాంటి అక్షరం ఆ గడుల్లో ఎక్కడ ఇముడుతుంది? మీ ప్రోగ్రాం తప్పేమీ లేదు. ఫలితాన్ని ఒక ఫైల్లోకి రాయించి, ఆ ఫైల్‌ని ఎడిటర్‌లో తెరిచి చూడండి, సరిగ్గా ఉంటుంది.

అలా రాయించబోతే మూడోది ఎదురవుతుంది. విండోస్‌లో పైథాన్ ‘చార్‌మ్యాప్ కోడెక్ కాంట్ ఎన్‌కోడ్’ అంటుంది. ఫైల్ తెరిచే చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మీరే చెప్పండి, మాట వింటుంది.

పీడీఎఫ్‌ల నుంచి, వాట్సాప్ నుంచి కాపీ చేసిన కోడ్‌లో వంకర కోట్ మార్కులు, కంటికి కనిపించని ఖాళీలు దూరుతాయి. ఎడిటర్ కొన్ని అక్షరాల చుట్టూ పసుపు గడి గీసిందంటే అది చెప్పేది ఇదే. ఆ హెచ్చరికని ఆపేయకండి, అక్షరాన్ని చెరిపి మళ్లీ టైప్ చేయండి.

ఆపకూడనిది ఇంకొకటి ఉంది. కొత్త ఫోల్డర్ తెరిచినప్పుడల్లా ‘దీన్ని రాసినవాళ్లని నమ్ముతారా’ అని అడుగుతుందే, 2021లో వచ్చిన ఆ ప్రశ్న చిరాకుగానే ఉంటుంది. కానీ ఎవరో టెలిగ్రామ్‌లో పంచిన ‘ఫైనలియర్ ప్రాజెక్ట్’ ఫోల్డర్‌లో, తెరవగానే తనంతట తానే నడిచే టాస్కులు ఉండొచ్చు. నమ్మను అంటే రిస్ట్రిక్టెడ్ మోడ్‌లో తెరుస్తుంది. కోడ్ చదువుకోవడానికి అది చాలు.

ల్యాబ్ ఎగ్జామ్ సంగతి వేరు. అక్కడి కంప్యూటర్లో మీ సెట్టింగ్స్ ఉండవు, కోడ్ రన్నర్ ఉండకపోవచ్చు. సెట్టింగ్స్ తెచ్చుకోవడానికి కాలేజీ మెషీన్‌లో మీ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే, సైన్ అవుట్ అయ్యేదాకా మీ తర్వాత కూర్చున్నవాడికీ అవి అందుబాటులోనే ఉంటాయి. అంతకన్నా ముందు వారం ఇంట్లోనే బటన్ లేకుండా ప్రాక్టీస్ చేయండి. టెర్మినల్లో ‘జీసీసీ’, ఖాళీ, ఫైల్ పేరు, ఖాళీ, ‘-ఓ’, ఖాళీ, మీకు కావాల్సిన పేరు. ఎంటర్. తర్వాత ఆ పేరు కొడితే ప్రోగ్రాం నడుస్తుంది. అక్కడున్నది పవర్‌షెల్ అయితే మాత్రం పేరుకి ముందు ఒక చుక్క, ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లేకపోతే ‘ఆ పేరుతో ఏదీ లేదు’ అంటుంది, ఫైల్ అక్కడే ఉన్నా సరే.