షుగర్ ఉన్నవాళ్ల పుండు ఎందుకు మొండికేస్తుంది?

తొర్రూరు చుట్టుపక్కల పత్తి చేలల్లో కాలికి మోడు గుచ్చుకోవడం మామూలే. ఒకరికి వారం తిరిగేసరికి పక్కు కట్టి రాలిపోతుంది. షుగర్ ఉన్న ఇంకొకరికి అంతే గాయం నెలలు గడిచినా పచ్చిగానే ఉంటుంది. ఎందుకు?

నెత్తురు సరిగా అందక, నరాలు మొద్దుబారి నొప్పి తెలియక, చీము పట్టి అని డాక్టర్లు చెబుతారు. అవన్నీ నిజమే. చర్మకణాల లోపల మరో కారణం కూడా ఉంది.

జన్యువులోని సమాచారాన్ని మోసుకొచ్చి ప్రోటీన్ తయారు చేయించేది పొడవాటి ఆర్‌ఎన్‌ఏ. దాని పక్కన సుమారు 22 అక్షరాల పొట్టి ఆర్‌ఎన్‌ఏలు కొన్ని ఉంటాయి. ఇవి ప్రోటీన్‌గా మారవు. పొడవాటిదానికి అతుక్కుని దాని పని ఆపుతాయి. వీటినే మైక్రోఆర్‌ఎన్‌ఏలు అంటారు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ మిల్లీమీటరు పొడవున్న పురుగులో వీటి సంగతి బయటపెట్టారు. పురుగు ముచ్చట మనుషులకెందుకని చాలామంది ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. అదే పనికి 2024లో నోబెల్ వచ్చింది.

గాయం మానాలంటే అంచుల్లోని కణాలు కదిలి వచ్చి ఖాళీని కప్పాలి. మామూలు రోజుల్లో అవి కదలకూడదు. మరి గాయమైందని వాటికి ఎలా తెలుస్తుంది? సింగపూర్‌లో ప్రభా సంపత్ బృందం 2013లో ‘నేచర్’ పత్రికలో దీనికి ముచ్చటైన జవాబు ఇచ్చింది. చర్మకణంలో ఒకే ఆర్‌ఎన్‌ఏ నుంచి రెండు రకాల సరుకు రావచ్చు: మైక్రోఆర్‌ఎన్‌ఏ-198, లేదా ఎఫ్‌ఎస్‌టీఎల్1 అనే ప్రోటీన్. ఒకే బోరు నీళ్లు గండి కొట్టిన మడికే పారినట్టు, ఒకటి వస్తే రెండోది రాదు. చర్మం బాగున్నప్పుడు 198 తయారై, కదలికకు కావలసిన జన్యువులను అణచి ఉంచుతుంది. గాయమవగానే అక్కడ విడుదలయ్యే సంకేతాలతో 198 తయారీ ఆగి, ప్రోటీన్ రావడం మొదలవుతుంది. కణాలు కదులుతాయి.

షుగర్ పుండులో ఈ మార్పిడే జరగడం లేదు. గాయమైనా 198 తగ్గదు, ప్రోటీన్ రాదు. అంచు కణాలు ఉన్నచోటే ఉండిపోతాయి. నాకైతే ఇది చదివాక, పుండు మానకపోవడాన్ని రోగి అశ్రద్ధ అనేసి ఊరుకోవడం అన్యాయమనిపించింది.

ఇదొక్కటే కాదు. వాపు దశ దాటి కొత్త కణాలు పెరిగే దశకు మళ్లించడంలో మైక్రోఆర్‌ఎన్‌ఏ-132 పాత్రను స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు చూపించారు.

అయితే మందెందుకు రాలేదు? గాయపు రసిలోని ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేస్తాయి. దాన్ని కణం లోపలికి చేర్చడమూ కష్టం. పైగా ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏ చాలా జన్యువులను తాకుతుంది, ఒకటి సరిచేయబోతే ఇంకొకటి చెడవచ్చు. కాబట్టి ఆర్‌ఎన్‌ఏ క్రీము అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

షుగర్ ఉన్నవాళ్లు చేనికి చెప్పులు లేకుండా వెళ్లొద్దు. రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి, కనబడకపోతే ఇంట్లోవాళ్లతో చూపించుకోండి. పుండు కనిపిస్తే పసర్లు పోయకుండా, నొప్పి లేదుకదా అని ఆగకుండా, దగ్గరి ఆసుపత్రికి గానీ వరంగల్ ఎంజీఎంకు గానీ వెంటనే వెళ్లండి.